ట్రంకు పెట్టెలో రెండు గుడ్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. అవి మీరు వినీ వినీ ఉన్నారు. అందుకే కోడిగుడ్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

నేను ఏడో తరగతిలో ఉండగా మా గదిలోని మిత్రుడొకడు వంటమనిషిని బతిమాలి రెండు పచ్చి గుడ్లు తెచ్చుకున్నాడు. దూదిలో చుట్టి, పాత స్వెట్టర్లో పెట్టి, ట్రంకు పెట్టెలో దాచాడు. రోజూ మధ్యాహ్నం పెట్టెను ఎండలో పెట్టి వచ్చేవాడు. "ఇరవై ఒక్క రోజులకు పిల్లలవుతాయిరా, ఒకటి నీకిస్తా" అని నాకు మాటిచ్చాడు. పన్నెండో రోజుకు గదంతా కంపు. పెట్టె తెరిపించారు, వాడి వీపు విమానం మోత మోగించారు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆనాటి నుంచి వాడి పేరు 'పొదుగు కోడి' అయిపోయింది.

ఇప్పుడు తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది. వాడు చేసింది అల్లరి కాదు, ప్రయోగం. వెచ్చగా ఉంచితే గుడ్డు పిల్లవుతుందని ఇంట్లో వాళ్ళమ్మను చూసి తెలుసుకున్నాడు. వాడికి తెలియనివి రెండే. హాస్టల్‌కు వచ్చేవి ఫారం గుడ్లు. ఆ ఫారాల్లో పెట్టలే ఉంటాయి, పుంజులుండవు. పుంజు కలవని గుడ్డును ఎంత పొదిగినా పిల్ల రాదు. రెండోది, వేడి ఉంటే చాలదు, రాత్రీ పగలూ ఒకే తీరుగా ఉండాలి. ఈ రెండు మాటలు ఆ రోజు వాడికి ఎవరూ చెప్పలేదు. ప్రయత్నిస్తే దెబ్బలు పడతాయని మాత్రం మా గది మొత్తం నేర్చుకుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రతి సంక్షేమ హాస్టల్లో ఏడాదికి ఒక్కసారైనా పిల్లలే ఒక చిన్న ఇంక్యుబేటర్ నడపాలి.

ఇదేం పెద్ద యంత్రం కాదు. నేను మా ఇంట్లో ఒక థర్మాకోల్ పెట్టెతో చేశాను. లోపల పాతకాలపు ఫిలమెంట్ బల్బు, గాలి తిరగడానికి చిన్న ఫ్యాను, వేడి ఎక్కువైతే బల్బు ఆర్పేసే థర్మోస్టాట్, ఒక పళ్ళెంలో నీళ్ళు. అంతే. వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడాలి. గాలిలో తేమ మొదట 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, లేకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుంది. 18వ రోజు నుంచి తిప్పడం ఆపేయాలి, మూత తెరవకూడదు.

ఆ చివరి మాటే నేను వినలేదు. లోపల కిచకిచమంటుంటే ఆగలేక మాటిమాటికీ మూత తీశాను. తేమ పోయి, పొరలు ఎండి, సగం పగిలిన గుడ్లలోనే పిల్లలు ఇరుక్కుపోయాయి. ఇరవై గుడ్లకు నాలుగు పిల్లలు దక్కాయి. "మన నల్లపెట్ట పదమూడుకు పన్నెండు తీసిందిరా" అని అమ్మ నవ్వింది. "కడపటి రోజుల్లో అది గంప దిగనే దిగదు, చూడలేదా?" అంది. అప్పుడు తెలిసింది. యంత్రానికి మనం పెట్టుకున్న నియమాలన్నీ కోడి ఎప్పటి నుంచో పాటిస్తున్నవే. ముక్కుతో గుడ్లు తిప్పుతుంది, పొట్ట కింద ఆవిరి నిలుపుతుంది. ఏ డిగ్రీ చదవని మా అమ్మకు ఇదంతా తెలుసు. ఆ తెలివిని మనమే చదువు కింద లెక్కకట్టలేదు.

బాతు గుడ్లకు 28 రోజులు పడుతుంది. గుడ్ల కోసం పెంచే బాతులు సరిగా పొదగవు కాబట్టి ఊళ్ళో వాటిని కోడి కిందే పెడతారు. ఇంక్యుబేటర్లో రెండూ కలిపి పెట్టాలంటే బాతు గుడ్లు వారం ముందు పెట్టాలి, అప్పుడు రెండూ ఒకే రోజుకు వస్తాయి. ఈ లెక్క ఆరో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి, ఎంత ఇష్టంగా చేస్తారో! ఏడో రోజు చీకటి గదిలో గుడ్డు కింద టార్చి పెడితే సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడతాయి. పుస్తకంలో బొమ్మ పదిసార్లు చూసినా అది రాదు.

"మా పిల్లలు కోళ్ళు మేపడానికా హాస్టల్లో చేరింది?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తరతరాల చాకిరీ తప్పించాలనే వాళ్ళు మనల్ని ఇక్కడికి పంపారు. గుడ్లు అమ్మి డబ్బు చేయడానికి పిల్లలతో పని చేయిస్తే ముందు నేనే వ్యతిరేకిస్తాను. కానీ ఇదే పని ఫీజులు కట్టే బడిలో చేస్తే ప్రాజెక్టు, మన దగ్గర చేస్తే కూలి ఎలా అవుతుంది?

జాగ్రత్తలు లేవని కాదు. వైరింగు తెలిసినవారే చేయాలి. కరెంటు పోతే కంగారుపడి తెరవకుండా దుప్పటి కప్పితే గంటా రెండు గంటలు గుడ్లు తట్టుకుంటాయి. చల్లదనం కన్నా అతివేడే ప్రమాదం. పిల్లలను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూ ఉన్న రోజుల్లో అసలు పెట్టకూడదు. అన్నిటికన్నా ముందు, పుట్టబోయే పిల్లలు ఎవరింటికి వెళ్తాయో గుడ్లు పెట్టకముందే తేల్చుకోవాలి. ప్రాణం ఆటవస్తువు కాదు.

పూర్వ విద్యార్థులారా, సంఘం తరఫున ఏటా జ్ఞాపికలకూ శాలువాలకూ పెట్టే ఖర్చులో కొంత దీనికి తీద్దాం. వార్డెన్ గార్లకు నా మనవి ఒక్కటే. ఏ పిల్లవాడి పెట్టెలోనైనా గుడ్డు దొరికితే, కొట్టేముందు ఎందుకు పెట్టావని అడగండి.

నా మిత్రుడు పదో తరగతితో ఆగిపోయాడు. ఆ దెబ్బలే కారణమని అనలేను. రెండోసారి పెట్టినప్పుడు నాకు పదకొండు పిల్లలు వచ్చాయి. వాటిలో రెండు తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, "నీకు ఒకటి ఇస్తానన్నది నేను కదరా" అన్నాడు.

- ఒక పూర్వ విద్యార్థి