చెల్లి వెయ్యని కోడ్

మా పిన్ని కూతురు అమెరికా చూడలేదు. అక్కడి గుండెలు మాత్రం రోజూ తన ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. బీ ఫార్మసీ, అమీర్‌పేటలో కోచింగ్, సీపీసీ పరీక్ష, ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ కోడర్. ‘రిపోర్ట్ చూసి నంబర్ వేయడమేగా’ అన్నాను ఒకసారి. అందుకు మొన్న ఆదివారం బిర్యానీ చల్లారిపోయేదాకా క్లాసు పీకింది.

గుండె లయ తప్పినవాళ్లకి అబ్లేషన్ చేస్తారు. గజ్జ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, తప్పుడు కరెంటు పుట్టే చోటుని వేడితోనో చలితోనో మాడ్చేస్తారు. అమెరికాలో దీనికి డాక్టర్ ఫీజు రావాలంటే ఐదంకెల సీపీటీ కోడ్ ఉండాలి. ఎస్వీటీకి 93653, వీటీకి 93654. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి ఊపిరితిత్తుల సిరల చుట్టూ కాల్చి కరెంటుకి అడ్డుకట్ట వేస్తే 93656. త్రీడీ మ్యాపింగ్ ఈ మూడింట్లోనూ కలిసే ఉంటుంది. 2022 నుంచి 93656లో గుండె లోపలి అల్ట్రాసౌండ్ కూడా కలిపేశారు. పాత అలవాటుకొద్దీ విడిగా వేశామా, ఆ డబ్బులు రావు.

అసలు పేచీ 93657తో. సిరల పని అయ్యాక కూడా ఫిబ్రిలేషన్ మిగిలి ఉండి, దానికోసం ఇంకోచోట కాలిస్తేనే ఆ అదనపు కోడ్ వేయాలి. చెల్లికి వచ్చిన రిపోర్ట్‌లో ‘ఎడమ కర్ణిక పైభాగంలో ఇంకో గీత కాల్చాం’ అని ఉంది. ఎందుకు కాల్చారో లేదు. (పేషెంట్ ఎవరో నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.)

‘కాల్చారుగా, వేసెయ్’ అన్నాడట టీమ్ లీడ్.

‘మిగిలిందని రాయలేదు కదా సార్’ అని డాక్టర్‌కి క్వెరీ పెట్టింది. క్వెరీ అంటే ఆ ఫైల్ ఆగిపోయినట్టే. రోజువారీ కౌంట్ తగ్గిపోతుంది.

నేనైతే వేసేసేదాన్నేమో. తను లెక్క చెప్పింది. మెడికేర్ ఉన్న పెద్దాయనకి వేరే ఇన్సూరెన్స్ తోడు లేకపోతే, ఆమోదించిన డాక్టర్ ఫీజులో 20 శాతం ఆయనే కట్టాలి. అంటే ఇక్కడ మనం ఊహించి వేసిన ఐదంకెలు అక్కడ ఒకాయన జేబులోంచి పోతాయి. తెలిసి తప్పుడు క్లెయిమ్ పెట్టారని తేలితే నష్టానికి మూడు రెట్లు వసూలు చేసే చట్టమూ ఉంది.

మూడు రోజులకి జవాబొచ్చింది. సిరల పని అవ్వగానే లయ మామూలుగానే ఉందట. ఆ గీత ముందుజాగ్రత్తకి కాల్చారట. 93657 వెయ్యలేదు.

ఆ నెల కౌంట్ తగ్గి ఇన్సెంటివ్ పోయింది. ‘బిర్యానీ బిల్లు నువ్వే కట్టక్కా’ అంది. కట్టాను.