సాకే రుచికి కొలబద్ద ఏది? బియ్యం కరువు జపాన్ ముందుంచిన ప్రశ్న

హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని హిగాషిహిరోషిమాలో ఏటా వసంతకాలంలో ఒక పరీక్ష జరుగుతుంది. ఆ చలికాలంలో తయారైన సాకేను దేశం నలుమూలల నుంచి దాదాపు 800 బ్రూవరీలు అక్కడికి పంపుతాయి. నిపుణులు ఒక్కో గుక్క నోట్లోకి తీసుకుని, నాలుకపై తిప్పి, ఉమ్మేసి మార్కులు వేస్తారు. 1911లో మొదలైన ఈ జాతీయ పోటీలో బంగారు బహుమతి వస్తే ఊరికే గర్వకారణం. 2011 అణు ప్రమాదంతో పేరు దెబ్బతిన్న ఫుకుషిమా, 2022 వరకు వరుసగా తొమ్మిది పోటీల్లో అత్యధిక బంగారు బహుమతులు గెలిచి మార్కెట్లో మళ్లీ నిలదొక్కుకుంది.

ఇప్పుడు ఆ కొలబద్దే చర్చకు వచ్చింది. కారణం రుచి కాదు, బియ్యం ధర.

రుచి ఎలా చూస్తారు?

సాకే రుచి చూడటానికి వాడే సంప్రదాయ కప్పు తెల్లటి పింగాణీది. దాని అడుగున రెండు నీలి వలయాలు ఉంటాయి. తెలుపు మీద సాకే రంగు తెలుస్తుంది, నీలం అంచు దగ్గర అది తేటగా ఉందో లేదో తెలుస్తుంది. మొదట కప్పులోంచి వచ్చే వాసన, తర్వాత నోట్లో ఉండగా ముక్కుకు తగిలే వాసన, చివరికి గొంతు దిగాక మిగిలేది... ఈ మూడింటినీ విడివిడిగా చూస్తారు.

మంచి గుణాలతో పాటు లోపాలనూ వెతుకుతారు. వెన్నలాంటి వాసన వస్తే పులియబెట్టడంలో తేడా జరిగినట్టు. ఊరబెట్టిన ముల్లంగి వాసన వస్తే నిల్వ సరిగా లేనట్టు. యాపిల్‌ను తలపించే సువాసననిచ్చే ఇథైల్ కాప్రోయేట్ మోతాదును ముందే కొలిచి, ఆ వరసలోనే నమూనాలు పెడతారు. ఘాటైన వాసన పక్కనున్న సున్నితమైన దాన్ని మింగేయకుండా ఈ జాగ్రత్త.

పరీక్షే సరుకును మార్చింది

ఏది అడిగితే విద్యార్థి అదే చదువుతాడు. 1980ల నాటికి బంగారు బహుమతికి ఒక సూత్రం స్థిరపడింది. యమదా నిషికి రకం బియ్యం, కుమమోతోలో పుట్టిన ఈస్ట్, గింజలో 35 శాతమే మిగిలేలా పాలిష్. బియ్యం పైపొరల్లోని మాంసకృత్తులు, కొవ్వులు పోతే పండ్ల వాసన బాగా తేలుతుంది. పోటీకి పంపే సాకేను చాలా బ్రూవరీలు ప్రత్యేకంగా, కొద్ది మొత్తంలో తయారు చేస్తాయి. మామూలు జనం రోజూ తాగేది అది కాదు.

అంతకుముందు కొలబద్ద పన్ను చేతిలో ఉండేది. ప్రత్యేక, మొదటి, రెండో తరగతులుగా ప్రభుత్వం సాకేను విడదీసేది. పరీక్షకు పంపకపోతే రెండో తరగతే, పన్నూ తక్కువే. 1977లో మియగిలోని ఇచినోకురా బ్రూవరీ నాణ్యమైన సాకేను కావాలనే పరీక్షకు పంపకుండా, ‘ముకన్స’ అంటే ‘పరీక్షించనిది’ అని పేరు పెట్టి చౌకగా అమ్మింది. 1992లో ఆ తరగతులు రద్దయ్యాయి. వాటి స్థానంలో సీసా మీద పాలిష్ శాతం ప్రధానమైంది. బియ్యంలో 60 శాతం లేదా అంతకన్నా తక్కువ మిగిలితే గింజో, 50 శాతం లేదా తక్కువైతే దైగింజో. పేరుపొందిన దస్సాయ్‌లో ఒక రకానికి ఆ సంఖ్య 23. కొనేవారికి ఇది సులువైన లెక్క. సంఖ్య తగ్గేకొద్దీ సరుకు గొప్పదని, ధరా అంతే ఉంటుందని అర్థం.

బియ్యమే దొరకనప్పుడు

ఈ లెక్కకు 2024 వేసవిలో ఎదురుదెబ్బ తగిలింది. 2023 నాటి ఎండలకు పంట నాణ్యత పడిపోయింది, దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. 2025 మేలో ఐదు కిలోల బియ్యం సగటు ధర 4,200 యెన్లు దాటింది, ఏడాది కిందటికి రెట్టింపు. ప్రభుత్వం అత్యవసర నిల్వలను బయటికి తీసింది. తాను బియ్యం కొననే కొననని, మద్దతుదారులే ఇస్తారని అన్న వ్యవసాయ మంత్రి తకు ఎతో పదవి పోగొట్టుకున్నారు.

సాకే వరికి ఇది నేరుగా తగిలింది. యమదా నిషికి పొడుగ్గా పెరుగుతుంది, గాలివానకు చేను పడిపోతుంది, దిగుబడీ తక్కువ. ఆ కష్టానికి తగ్గట్టు ధర ఎక్కువ వచ్చేది. తినే బియ్యానికే అంత ధర పలుకుతుంటే రైతు ఆ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటాడు? మామూలు సాకేకు వాడే చౌక బియ్యం కూడా ప్రియమైంది. పోనీ దిగుమతి చేసుకుందామంటే, 2015లో దక్కిన భౌగోళిక గుర్తింపు ప్రకారం జపాన్ బియ్యంతో జపాన్‌లో చేసిందే ‘నిహోన్‌షు’. పేరును కాపాడిన నిబంధనే ఇప్పుడు చేతులు కట్టేసింది.

పాలిష్‌లో పోయిన పిండి పూర్తిగా వృథా కాదు. పశువుల దాణాకు, చిరుతిళ్లకు వెళుతుంది. అయినా తినడానికి బియ్యం లేని రోజుల్లో గింజలో మూడింట రెండొంతులు అరగదీయడాన్ని నాణ్యతకు గుర్తుగా చెప్పుకోవడం కష్టమే. 80, 90 శాతం గింజ మిగిల్చి సాకే చేసే బ్రూవరీలు ఇప్పటికే ఉన్నాయి. జున్‌మై రకానికి ఉన్న 70 శాతం పరిమితిని 2004లోనే ఎత్తేశారు. అంటే చట్టం అడ్డు కాదు, అలవాటే అడ్డు.

కొత్త న్యాయనిర్ణేతలు

స్వదేశంలో సాకే అమ్మకాలు 1973లో సుమారు 17 లక్షల కిలోలీటర్లతో శిఖరానికి చేరి, ఇప్పుడు 4 లక్షల దరిదాపులకు పడిపోయాయి. ఎగుమతులు మాత్రం 2024లో 80 దేశాలకు, దాదాపు 4,350 కోట్ల యెన్ల విలువకు చేరాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో సాకే తయారీ విద్యకు యునెస్కో గుర్తింపూ వచ్చింది. 2007 నుంచి లండన్‌లోని అంతర్జాతీయ వైన్ పోటీలో, 2017 నుంచి పారిస్‌లోని కురా మాస్టర్‌లో సాకేకు బహుమతులిస్తున్నారు. పారిస్‌లో తీర్పు చెప్పేది ప్రధానంగా ఫ్రెంచ్ సొమ్మెలియర్లు. తిండితో ఎలా కలుస్తుందన్నది వారికి ముఖ్యం. జున్ను, మాంసం పక్కన కొంత పులుపు, బరువు ఉన్న సాకే నిలబడుతుంది. తక్కువ పాలిష్ పట్టిన సాకేకు ఇది కలిసొచ్చే అవకాశం.

భారత్‌కూ ఇందులో పాఠం ఉంది. అస్సాంలోని దిమాసా తెగ జిగురు బియ్యంతో చేసే జుదిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పేరును కాపాడుతుంది. ఏది మంచి జుదిమా, ఏది చెడిపోయింది అని చెప్పే రుచి భాష మాత్రం తయారు చేసేవారి నుంచే రావాలి. అది బయటివారి చేతికి వెళితే సరుకే మారిపోతుందని జపాన్ అనుభవం చెబుతోంది. మార్కులు వేసేవారు ఏం అడుగుతారో, చివరికి పొలంలో రైతు అదే వేస్తాడు.