రాక్షసమా, గాంధర్వమా?

ఆదిమానవుల మీద వెలువడే జనరంజక గ్రంథాలకు ఒక తెగులు పట్టింది. నియాండర్తల్ పురుషుడు, ఆధునిక మానవ స్త్రీ ఎక్కడ తారసపడినా రచయితలు పెళ్లిపెద్దల అవతారం ఎత్తుతున్నారు. కొందరికది రాక్షస వివాహం, మరికొందరికి గాంధర్వం. ఇరుపక్షాల సాక్షీ ఒక్కటే: ఎక్స్ క్రోమోజోము.

ఆ సాక్ష్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆఫ్రికా వెలుపలి మూలాలున్న నేటి మనుషుల జన్యుసంపుటిలో నియాండర్తల్ వాటా దాదాపు రెండు శాతం. ఎక్స్ మీద మాత్రం అది మిగతా క్రోమోజోముల్లో ఉన్నదానిలో సుమారు ఐదోవంతేనని 2014లో తేలింది. తండ్రి తన ఎక్స్‌ను కూతురికే ఇస్తాడు, కొడుక్కి ఇవ్వడు. కనుక నియాండర్తల్ పక్షం నుంచి వచ్చినవారంతా మగవారే అయితే ఎక్స్ మీద వారి వాటా తగ్గుతుంది. ఇంతవరకు వాదం సబబే. కానీ ఎంత తగ్గుతుంది? ఒక విడత సంకరానికి లెక్కకడితే మూడింట రెండు వంతులకు. అంతకు దిగువకు పోదు. అక్కడినుంచి ఐదోవంతు దాకా ఉన్న అగాధాన్ని దౌర్జన్యంతోనో వలపుతోనో పూడ్చేవారు ఈ చిన్న కూడికను చేసి చూసినట్టు లేదు.

ఆ అగాధానికి వేరే కారణం చాలాకాలంగా తెలిసినదే. సంకర సంతానంలో ఒక లింగానికే వంధ్యత్వం వస్తే, అది రెండు భిన్న లింగ క్రోమోజోములున్న లింగానికే సాధారణంగా వస్తుందని హాల్డేన్ 1922లో సూత్రీకరించాడు. (భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేనే.) మనుషుల్లో ఆ లింగం పురుషుడిది. వృషణాల్లో చురుకుగా పనిచేసే జన్యువుల వద్ద కూడా నియాండర్తల్ వాటా పలచబడి ఉండటం ఈ వైపే వేలు చూపుతోంది. సంకర కుమారులకు సంతానం కలగక, తరతరాలుగా ప్రకృతి ఆ ముక్కలను ఏరిపారేసి ఉండవచ్చు. తొలి కలయికలో ఎవరు ఎవరిని వరించారో, ఎవరు ఎవరిని చెరబట్టారో ఆ ఏరివేత తరవాత మిగిలిన ముక్కల్లో చదవబూనడం సాహసమే.

తొందరపాటుకు పాఠం ఈ రంగంలోనే ఉంది. 1997లో నియాండర్తల్ మైటోకాండ్రియా డీఎన్ఏ తొలిసారి చదివినప్పుడు, నేటి మనుషుల్లో దాని జాడ లేదు కాబట్టి సంకరమే జరగలేదన్న నమ్మకం బలపడింది. 2010లో స్వాంటె పాబో బృందం మొత్తం జన్యుసంపుటి ముసాయిదాను వెలువరించేసరికి అది తారుమారైంది.

నవలాకారుల సంగతి వేరు. జీన్ ఆవెల్ 1980లో ఆదిమానవ బాలిక కథ రాసినప్పుడు అది నవలేనని ఆమెకూ తెలుసు, పాఠకులకూ తెలుసు. శాస్త్రగ్రంథమన్న ముసుగులో అదే కథ వస్తే, స్త్రీని చెరపట్టడం పురుషుడికి జన్యుసిద్ధమనేవారికి ప్రయోగశాల ముద్ర ఉచితంగా దొరుకుతుంది.

డెనిసోవా గుహలో దొరికిన రెండు సెంటీమీటర్ల ఎముక ముక్క ఉంది. ఆ పిల్లకు కనీసం పదమూడేళ్లు, దాదాపు 90,000 ఏళ్ల కిందటిది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ అని 2018లో నిర్ధారించారు. ఆ నివేదిక అక్కడితో ఆగింది. వ్యాఖ్యాతలు ఆగలేదు.