చిరునామా లేని మాట

పత్రిక చివరి పుట అడుగున చిన్న అక్షరాలలో ఒక పంక్తి ఉంటుంది. ముద్రించినవారు ఫలానా, ప్రచురించినవారు ఫలానా, ముద్రణాలయం ఫలానా ఊరిలో. దానిని చదివేవారు అరుదు. అది 1867 నాటి చట్టం విధించిన పంక్తి. పరాయి పాలకులు తమ భద్రత కోసమే ఆ చట్టం చేసినా, పాఠకునికి దానివల్ల ఒక హక్కు దక్కింది. ఈ మాటకు బాధ్యులెవరని అడిగే హక్కు అది. 1956 నాటి నిబంధనలు మరొక మెట్టు పైకి వెళ్లి, పత్రిక తన యజమానులెవరో ఏటా అచ్చువేసి చెప్పాలన్నాయి. 2024 మార్చి 1 నుండి పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది.

ఈ పంక్తి విలువ తెలియాలంటే భిలాయిలోని స్మృతినగర్ దాకా వెళ్లాలి. 1959 ఫిబ్రవరి 4న తొలి ఉక్కు కొలిమి ప్రారంభమైన నాటి నుండి నలుదిక్కుల జనమూ పొట్ట చేత పట్టుకొని ఆ పట్టణం చేరారు. వారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు. అక్కడ ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. వంటింట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ.

2002లో ఆ ప్రాంతానికి ఈటీవీ వారి హిందీ వార్తల చానల్ వచ్చింది. దాని కేంద్రం హైదరాబాదు చెంతనున్న రామోజీ ఫిల్మ్ సిటీ. 2012లో ప్రకటించిన ఒప్పందంతో ఆ సంస్థ తెలుగేతర వార్తా చానళ్లు నెట్‌వర్క్18 పరమయ్యాయి. 2014లో ఆ సమూహమే రిలయన్స్ వశమైంది. తెర మీది భాష మాత్రం మారలేదు. యజమాని మారినట్లు చెప్పే పంక్తి ఏదీ తెర అడుగున ఆ ఇంటివారికి కనిపించదు. మాధ్యమాల యాజమాన్యానికి హద్దులుండాలని 2014 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫారసులు చట్టరూపం దాల్చలేదు.

ఇప్పుడు మాట్లాడే మనిషి కూడా మారుతున్నాడు. 2023 జులైలో ఒడియాలో లీసా, తెలుగులో మాయ అనే యంత్రకన్యలు వార్తలు చదివారు. 2024 మేలో దూరదర్శన్ కిసాన్ ప్రవేశపెట్టిన క్రిష్, భూమి అనే కృత్రిమ వ్యాఖ్యాతలు 50 భాషలు పలుకుతారని చెప్పారు.

రైతుకు తన భాషలో వానకబురు అందితే సంతోషమే. అయితే అదే నేర్పుతో విషమూ చెప్పవచ్చు గదా! ఛత్తీస్‌గఢ్ 2000లో రాష్ట్రమైంది. ఆ నేల బిడ్డలకు కొలువులలో వాటా ఎంత అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని ఒకే యంత్రం ఒక వాకిట ఛత్తీస్‌గఢీలో “పరదేశులు మీ కూడు తిన్నారు” అని, పక్క వాకిట శ్రీకాకుళం యాసలో “మిమ్మల్ని తరిమేస్తారు” అని చెబితే ఏం చేయగలం? పూర్వం మన భాషలో మనకు చెడు చెప్పాలంటే మనలో ఒకడు రావలసి వచ్చేది. వాడి ఊరూ పేరూ మనకు తెలిసేవి, నిలదీయగలిగేవాళ్లం. మాతృభాష ఒక హామీగా ఉండేది. ఆ హామీ ఇక లేదు.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ దృశ్యానికి అతికించి ప్రచారం చేశారు. నిందితుని పట్టుకొనేసరికి 2024 జనవరి వచ్చింది. ప్రసిద్ధ నటికే అంత కాలం పడితే స్మృతినగర్ గృహిణి గతి ఏమిటి?

కృత్రిమ దృశ్యాలపై ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలని 2026 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిదే. కాని యంత్రం చేసిందని తెలిస్తే చాలదు, చేయించినదెవరో తెలియాలి. ఉక్కునగర వాసులకు యంత్రమంటే భయం లేదు. కొలిమి ఎంత పెద్దదైనా దాని పనికి జవాబు చెప్పే మనిషి ఉంటాడని వారికి తెలుసు. మాటల కొలిమికి కూడా అటువంటి మనిషి ఉండాలి. అందాకా, చేతి ఫోనులోకి వచ్చిన కబురును పొరుగువారికి పంపేముందు అడుగున ఆ చిన్న పంక్తి ఉన్నదేమో వెతకండి. లేకపోతే ఆ కబురును మీ గడప దాటనివ్వకండి.