నేతికుండల గర్వం



ప్రయోగశాలలో రెటీనాను, అనగా నేత్రపటలాన్ని, పెంచుతున్నారన్న వార్త రాగానే ఆస్తికులు కొందరు అంటున్న మాట ఒకటే: "ఇందులో వింత యేమున్నది? గాంధారీదేవి గర్భపిండాన్ని వ్యాసభగవానులు నేతికుండలలో పెంచలేదా?" 2019లో జలంధర్‌లో జరిగిన వైజ్ఞానిక మహాసభలో తెలుగునాటి ఉపకులపతి ఒకరు సైతం కౌరవజననాన్ని మూలకణవిద్యగా వర్ణించారు. ఇది శాస్త్రభక్తి కాదు, శాస్త్రాపచారం.

ముందుగా ఆ కృషి యెట్టిదో తెలుసుకొందాం. 2011లో జపానులోని కోబే నగరంలో యోషికి ససాయి బృందం ఎలుక మూలకణాలను పోషకద్రవంలో ఉంచగా, అవి తమంతట తామే ముడుచుకొని పిండదశలోని కంటి ఆకృతిని పొందాయి. మరుసటి యేడు మానవ కణాలతోనూ అది సిద్ధించింది. మానవ పటలంలో కాంతిని గ్రహించే కణాలు పరిపక్వం కావడానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. అంతకాలమూ దేహోష్ణం చెదరనీయక, రెండు మూడు దినాలకొకసారి ద్రవాన్ని మార్చుతూ కాచుకోవాలి. రక్తనాళాలు లేనందున లోపలి పొరకు పోషణ చాలదు. మెదడుకు సందేశం మోయవలసిన కణాలు క్రమంగా నశిస్తాయి. ఈ లోపాన్ని పరిశోధకులే ప్రకటించి, దానితో పోరాడుతున్నారు. వేదపాఠశాలలో ఒక్క స్వరం తప్పినా పనస మొత్తం మళ్ళీ చెప్పించేవారు మా గురువుగారు. అట్టి నిష్ఠ యెక్కడ ఉన్నా అది తపస్సే. ఏ శ్రమా లేక ఫలాన్ని మాత్రం మాదే అనడం తపస్సు కాదు.

ఆదిపర్వంలోని ఆ కథ అసూయను గూర్చినది. కుంతికి పుత్రోదయమైనదని విని గాంధారి తన గర్భాన్ని తానే మోదుకొన్నది. నూరుగురు కుమారులను పొంది నూరుగురినీ పోగొట్టుకొన్నది. యుద్ధారంభంలో వ్యాసులు చూపునిస్తామన్నా, జ్ఞాతివధను చూడలేనని ధృతరాష్ట్రుడు వలదన్నాడు. చూపు ఉంటే ధర్మాన్ని చూస్తామా అన్నదే భారతం మనను అడిగే ప్రశ్న. దానిని కుండల లెక్కకు కుదించినవారు వ్యాసులను గౌరవించినట్లా?

వేదాంతదృష్టిలో ఆ పటలం గోళకం మాత్రమే. ఇంద్రియం వేరు, ఇంద్రియానికీ మనస్సుకూ సాక్షియైన ద్రష్ట వేరు. కనుక గోళకాన్ని ఎవరు పెంచినా ఉపనిషత్తుకు లోటు రాదు, మన గొప్పలతో దానికి వన్నె పెరగదు.

రేచీకటితో మొదలై క్రమంగా చూపు సన్నగిల్లే వంశానుగత రోగాలు ఉన్నాయి. గర్భాలయం ముందు నిలిచి, మూలవిరాట్టును పోల్చుకోలేక హారతి వెలుగునే వెతుక్కొనే అట్టి భక్తునికి మన నేతికుండల కథ ఒక్క కిరణమైనా ఇవ్వలేదు. ఆ పాత్రల వద్ద మేలుకొని ఉన్నవారు ఏనాటికైనా ఇవ్వవచ్చు. వారి కృషి ఫలించాలని సంకల్పం చెప్పుకొందాం. గర్వాన్ని స్వామి పాదాల వద్ద విడిచిపెడదాం.

స్వస్తి.