మంచువాలు – మనిషి బలం

స్కీయింగ్‌కు బయలుదేరేవారు ముందు కొండ పేరు చూస్తారు. వెంట వచ్చేవారి శక్తిని ఆ తరువాతే తలుస్తారు. ఈ వరుస మారాలి. నాలుగైదు రోజుల యాత్రలో, ఓనమాలు దాటినా ఇంకా నైపుణ్యం సాధించని తోడు ఉన్నప్పుడు, అతని శక్తినిబట్టే గమ్యాన్ని ఎంచుకోవాలి.

మన దేశంలోని రెండు స్థలాలను పోల్చి చూద్దాం. ఉత్తరాఖండ్‌లోని ఔలీ 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికయింది. దాని వాలులు నేర్చుకొనేవారికి అనువైనవి. కాని ఋషీకేశ్ నుండి కొండదారిలో అక్కడికి చేరడానికి ఒక పగలంతా పడుతుంది. రాకపోకలకే రెండు రోజులు పోతే, మంచుపై గడిపే సమయమెంత?

కాశ్మీరులోని గుల్మార్గ్ శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడి గొండోలా రెండవ దశ అఫర్వత్ పర్వతంపై 3,900 మీటర్లకు మించిన ఎత్తుకు చేరుస్తుంది. ఆ పైవాలులు చదును చేయనివి; లోతైన మంచుతో నిండినవి. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియలు విరిగిపడి ఇద్దరు విదేశీ స్కీయర్లు మరణించారు.

కనుక స్వల్పయాత్రకు గుల్మార్గే మేలు. అయితే మధ్యస్థాయివారు కింది వాలులకూ మొదటి దశకూ పరిమితం కావాలి. నిపుణుడైన మిత్రునికి ఇది లోటుగా తోచవచ్చు. కాని తన సరదా కోసం తోటివానిని ప్రమాదంలోకి నెట్టడం సాహసం కాదు, స్వార్థం. శిఖరం మరొక ఏడు కూడా అక్కడే ఉంటుంది.