అంజనం – తులసిదళం – మా బోరు



మా హాస్టల్లో ఈ ఏడాది చైనా నవలల గాలి వీచింది. దయ్యాలు కనపడే కళ్ళున్న కుర్రవాడొకడు ఉంటాడు. ఎవరికీ అంతుపట్టని చావు వెనక రహస్యం వాడి కంటికి మాత్రమే చిక్కుతుంది. ఈ సరుకు చైనావారికి కొత్త కాదు. 1715లో కన్నుమూసిన పూ సోంగ్‌లింగ్ అనే పంతులుగారు దయ్యాలతోనూ, ఆడవేషం కట్టే నక్కలతోనూ దాదాపు 500 కథలు రాసిపోయారు. మనకీ కొత్త కాదు. వాళ్ళకి మాయకళ్ళు, మనకి అంజనం. తమలపాకు మీద నల్లటి కాటుక పూసి, ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టి, పోయిన నగ ఎక్కడుందో చూసి చెప్పమనేవారు. మా మామ్మ చిన్నప్పుడు ఇది కళ్ళారా చూసిందిట. నగ దొరికిందా అని అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది!

ఇక మన నవల సంగతి. మా రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980 ప్రాంతాల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తులసి అనే అభం శుభం తెలియని పాప మీద కాద్రా అనే మంత్రగాడు క్షుద్రప్రయోగం చేస్తాడు. నేను రెండు రాత్రుల్లో చదివేశాను. రెండో రాత్రి తోటలో మోటారు వెయ్యడానికి వెళ్ళాల్సివస్తే తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళాను. అంతగా భయపెట్టడం రచయిత ప్రతిభ, అందుకు దణ్ణం పెడతాను. రంగనాయకమ్మగారు ఈ తరహా నవలల్ని గట్టిగా విమర్శించారు. నా పేచీ కొంచెం వేరు. దయ్యం కథ చదివినంత మాత్రాన ఎవడూ మంత్రగాడు కాడు. కానీ ఆ నవలలో పాపని బతికించడానికి ఒక పక్క వైద్యులూ, మరో పక్క మాంత్రికులూ పాటుపడతారు. ఏది పనిచేసిందో తేల్చుకోవడం పాఠకుడికే వదిలినట్టుంటుంది. చదువుకున్నవాడికి అది పెద్దమనుషుల తీర్పులా కనిపిస్తుంది: ఇద్దరికీ చెరిసగం. చేలో ఈ చెరిసగం పనిచెయ్యదండీ.

మూడేళ్ళ క్రితం మా అరటితోటకి బోరు వెయ్యాలనుకున్నారు. నీళ్ళు చూసే ఆయన వచ్చారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగారు. తూర్పుగట్టు దగ్గర కాయ నిటారుగా లేచి నిలబడింది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే ఈ శక్తి వస్తుందని కూడా చెప్పారు. (ఆ లెక్కన మా తరగతిలో మూడోవంతు మంది జలసిద్ధులే!) "ఏవండీ, పడుతుందంటారా?" అని నాన్న అడిగితే, "ఆయ్, ఎందుకు పడదండీ!" అన్నారు. పడింది. పడక ఏం చేస్తుంది? గోదావరి పాయల మధ్య, సముద్రం పక్కన, ఎక్కడ తవ్వినా నీరే. అనంతపురంలో అయితే కాయకి పరీక్ష. కోనసీమలో తప్పడం దాని తరం కాదు. మాకు తెలియాల్సింది నీళ్ళున్నాయా లేదా అని కాదు. ఎన్ని అడుగుల దాకా మంచినీళ్ళు, ఎక్కణ్ణుంచి ఉప్పు? ఆ ప్రశ్న కాయని ఎవరూ అడగలేదు.

ఆ దాగిన ఉప్పుని చూడ్డానికి మాయకళ్ళు అక్కర్లేదు. ఘైబెన్ అనే డచ్చివాడూ, హెర్జ్‌బర్గ్ అనే జర్మనూ వందేళ్ళకి ముందే లెక్క కట్టిపెట్టారు. మంచినీటి సాంద్రత 1.000 అయితే సముద్రపు నీటిది 1.025. అందుచేత తీరం దగ్గర ఇసుకనేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి పైన 1 అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగులు ఉంటుంది. దాన్నే తిరగేసి చదవండి. ఎడాపెడా తోడి పైమట్టాన్ని 1 అడుగు దించితే, కాలం గడిచేకొద్దీ కింది ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది. ఏ కాద్రా మంత్రంలోనూ నాకు ఇంత భయం కనపడలేదు.

మూడో వేసవి వచ్చేసరికి మా అరటాకుల అంచులు మాడడం మొదలెట్టాయి. ముందు దిష్టి అన్నారు, గుమ్మడికాయ కట్టారు. తర్వాత వీధి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ మీదకి మాట మళ్ళింది. ఎవరూ గట్టిగా అనలేదు. ఆవిడ దగ్గర పాలు కొనడం మాత్రం నాలుగిళ్ళవాళ్ళు మానేశారు. మిస్టరీ కథకి ఎక్కడో ఒక దోషి దొరకాలి, ఊరికీ అంతే. చేతబడి చేశారన్న అనుమానంతో మన తెలుగునాట మనుషుల్ని చంపిన వార్తలు పేపర్లలో ఎన్ని చదవలేదు? మహారాష్ట్రలో ఇటువంటి దురాచారాల మీద చట్టం కోసం నరేంద్ర దభోల్కర్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2013 ఆగస్టులో ఆయన్ని కాల్చి చంపాకగానీ ఆ చట్టం రాలేదు.

మా ఉప్పు వెనక ఉన్నవి వరసగా పడిన బోర్లు, సముద్రం దిక్కున తవ్విన రొయ్యల చెరువులు, వాన లేని వేసవులు. వీటిని బోనెక్కించడం కష్టం. ముసలావిడని ఎక్కించడం సులువు.

కెమిస్ట్రీ చదివే మనందరికీ తెలిసిన ప్రయోగం ఒకటుంది. నీళ్ళలో పొటాషియం క్రోమేటు రెండు చుక్కలు వేసి, బ్యూరెట్లోంచి సిల్వర్ నైట్రేటు దించుతూ పోతే, క్లోరైడు అయిపోయిన క్షణాన పసుపురంగు ఇటుకరంగుకి తిరుగుతుంది. తాగేనీటిలో క్లోరైడు లీటరుకి 250 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే గతి లేకపోతే 1000 వరకూ సహించవచ్చనీ భారత ప్రమాణం చెబుతోంది. లాబ్‌లో ఇచ్చిన ద్రావణం తేల్చి మార్కులు వేయించుకోవడంతో మన పని అయిపోతోంది.

యూనియన్ ఎన్నికల్లో క్యాంటీన్ టీ గురించి చాలా వాగ్దానాలు విన్నాం. వచ్చే ఏడాది నిలబడేవాళ్ళని నేనొకటి అడుగుతున్నాను: సంక్రాంతి సెలవులు అవగానే ఒక వారం సాయంత్రాలు లాబ్ తెరిపించండి. పల్లెటూళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తలో సీసా నీళ్ళు తెచ్చుకుంటారు. నేను మా ఊరి నుంచి ఏడు తెస్తాను. అందులో ఒకటి ఆ ముసలావిడ పెరటి నూతిది.